బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు: కాలేయాన్ని సిద్ధం చేసే ఆహారం

ఆపరేషన్‌కు తేదీ ఖరారయ్యాక డాక్టరు రాసిచ్చే ఆహార నియమం ముందుగా కొంత బరువు తగ్గించడానికేనని చాలామంది అనుకుంటారు. దాని ముఖ్య ఉద్దేశం కాలేయాన్ని చిన్నది చేయడం. కాలేయం ఎడమ భాగం జీర్ణాశయాన్ని కొంత కప్పి ఉంటుంది. చిన్న రంధ్రాల గుండా పరికరాలు పంపే సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుంటేనే జీర్ణాశయం సరిగా కనబడుతుంది. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం తేలికగా లేవదు, గాయపడి రక్తం కారవచ్చు, అరుదుగా ఆపరేషన్‌నే ఆపవలసి వస్తుంది.

తిన్న పిండిపదార్థంలో కొంత కాలేయంలో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకూ సుమారు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం, రొట్టె మానిన కొద్ది రోజులకే ఈ నిల్వ తగ్గి, ఆ తర్వాత కాలేయంలోని కొవ్వు కూడా కరగడం మొదలవుతుంది. అందుకే సాధారణంగా రోజుకు 800 నుంచి 1000 కేలరీలు, కనీసం 60 గ్రాముల ప్రోటీన్ ఉండేలా నియమం రాస్తారు. కొందరికి పూర్తిగా ద్రవాహారమే ఇస్తారు కనుక, మీ చేతిలోని కాగితంలో ఉన్నదే మీకు ప్రమాణం.

మన పాలమూరు, నల్లగొండ ఇళ్లలో పొరపాటు జరిగేది జొన్న రొట్టె దగ్గర. షుగరు ఉన్నవారికి అన్నం కంటే మేలన్న పేరు దానికి ఉన్నా, ఈ రెండు వారాల లెక్కలో అది కూడా పిండిపదార్థమే. గట్క, అంబలి కూడా అంతే. నల్లగొండ బత్తాయి రసం నీరసానికి మంచిదని పెద్దలు ప్రేమతో తెచ్చిస్తారు గాని, రెండు మూడు కాయల చక్కెర ఒకే గ్లాసులోకి వస్తుంది. సీతాఫలం, కల్లు, మద్యం కూడా వద్దు.

ఘనాహారానికి అనుమతి ఉంటే ఉడికించిన గుడ్లు, చర్మం తీసిన కోడిమాంసం, చేపలు, వెన్న తీసిన పాల పెరుగు, సొరకాయ, బీరకాయ, తోటకూర చాలా మట్టుకు సరిపోతాయి. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రోటీనే ఉంటుంది కనుక గుడ్లతోనే లెక్క సరిపోదు. మాంసాహారం తిననివారు పప్పు మీదే ఆధారపడకుండా, సోయా, పనీర్, ప్రోటీన్ పొడి ఎంత తీసుకోవాలో డైటీషియన్‌ను అడగాలి. బెల్లం వేయని పచ్చిపులుసు నాలుకకు ఎంతో ఊరట. కూరల్లో పల్లీల పొడి, నువ్వుల పొడి చల్లే అలవాటును మాత్రం ఆపాలి, ఎందుకంటే వాటిలో నూనె ఎక్కువ.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది షుగరు మందుల విషయంలో. తిండి తగ్గించి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి పాత మోతాదులోనే వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్ తరగతి మందులను ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపిస్తారు. అందువల్ల నియమం మొదలుపెట్టకముందే మందుల చీటీ మొత్తం డాక్టరుకు చూపించి, కొత్త మోతాదులు రాయించుకోవాలి.

మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, చిరాకు, మలబద్ధకం ఉండవచ్చు. గుండె, కిడ్నీ జబ్బులు లేనివారు రోజుకు సుమారు రెండు లీటర్ల నీరు కొద్దికొద్దిగా తాగడం మేలు. భోజనంతో పాటు నీళ్లు తాగకపోవడం, మెత్తగా నమిలి మింగడం ఆపరేషన్ తర్వాత ఎలాగూ తప్పవు కనుక ఇప్పుడే అలవాటు చేసుకోవడం మంచిది. ఈ రోజుల్లో దావత్ వస్తే వెళ్లకపోవడమే నయమని నా అభిప్రాయం. మళ్లీ తినలేమన్న బెంగతో చేసే ఒక్క విందు కాలేయంలో నిల్వను తిరిగి నింపుతుంది.

చివరి రోజు ఏం తాగవచ్చో, ఏ గంటకు అన్నీ ఆపాలో మత్తు డాక్టరు చెబుతారు. హైదరాబాదుకు తెల్లవారుజామున బయలుదేరేవారు దారిలో చాయ్ కోసం కూడా ఆగవద్దు. పొరపాటున ఏదైనా తిన్నా, తాగినా, అది ఏమిటో, ఏ వేళకో ఆస్పత్రిలో ముందుగానే చెప్పాలి. మత్తులో ఉండగా జీర్ణాశయంలోనిది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది కనుక వారు ఆపరేషన్ వేళను మారుస్తారు.