ఉప్పు గాలి ఊళ్ళో కొత్త ఫ్రిజ్

మేముండేది విశాఖపట్నం పెదవాల్తేరులో, మూడో అంతస్తులో. బాల్కనీలోంచి చూస్తే సముద్రం చారెడు కనిపిస్తుంది. మా పాత ఫ్రిజ్ ఆ చారెడు సముద్రానికే బలైపోయింది. పదకొండేళ్లు పనిచేసింది పాపం. కింది అంచులు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలాయి. చివరికి వెనక పైపుకి చిల్లు పడి గ్యాస్ పోయింది. మెకానిక్ చూసి, "ఇక దీని మీద డబ్బులు పెట్టకండమ్మా" అన్నాడు.

కొత్తది కొన్నాం. రెండు తలుపులది, ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే ఫ్రీజర్‌లో మంచు గడ్డకట్టనిది. పెళ్లయ్యాక నాకిది మూడో ఫ్రిజ్. మొదటి రెండింటి మాన్యువల్ కవరు కూడా విప్పలేదు. ఈసారి కూర్చుని మొత్తం చదివాను.

చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు. లోపలున్న వేడిని తోడి బయట పారబోస్తుంది, అంతే. మనం లోపల ఎంత వేడి పెడితే అంత తోడాలి. బయట పారబోయడానికి చోటు లేకపోతే తోడి తోడి అలిసిపోతుంది. నేను కింద రాసినవాటిలో సగం ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే.

ఫ్రిజ్ తెచ్చిన కుర్రాళ్లు ఆటో ట్రాలీలో దాన్ని పడుకోబెట్టి తెచ్చారు. మెట్ల మీంచి మోసుకొచ్చి, అట్టపెట్టె విప్పి, "ఆన్ చేసేసుకోండి ఆంటీ" అని ప్లగ్ చేతికిచ్చారు. నేను చెయ్యలేదు. ఫ్రిజ్ వెనక కింద ఉండే మోటారు కంప్రెసర్, దాని అడుగున నూనె ఉంటుంది. ఫ్రిజ్‌ని పడుకోబెడితే అది పైపుల్లోకి పోతుంది. తిరిగి కిందికి దిగకముందే స్విచ్ వేస్తే కంప్రెసర్ దెబ్బతినొచ్చు. నిలబెట్టే తెస్తే రెండు మూడు గంటలు ఆగితే సరిపోతుంది. పడుకోబెట్టి తెచ్చారని తెలిస్తే ఒక రోజు ఆగడం మంచిది. మీ మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. ఆ రాత్రి మా ఆయన చల్లటి నీళ్లకోసం గునిశారు గానీ కుండ ఉంది కదా.

ఆగిన ఆ సమయంలో లోపల కడగాలి. గోరువెచ్చటి నీళ్లలో కాస్త వంటసోడా కలిపి గుడ్డతో తుడిస్తే కొత్త ప్లాస్టిక్ వాసన పోతుంది. తడి ఆరేదాకా తలుపు తెరిచి ఉంచండి.

ఇక ఎక్కడ పెట్టాలి? బీరువాలా గోడకి ఆనించి, పక్కన ఇంకోదాన్ని ఇరికించి పెట్టకూడదు. వెనక జానెడులో సగమైనా ఖాళీ ఉండాలి. పక్కల, పైన కూడా గాలి ఆడాలి. పైన టేబుల్ క్లాత్ పరిచి దానిమీద పచ్చడి జాడీలు పేర్చే అలవాటు మా అత్తగారిది. ఆవిడ ఊర్నుంచి వస్తే ఇప్పటికీ ఆ గుడ్డ కోసం వెతుకుతారు. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటికి వేడి బయటికి పోయే పైపులు పక్క గోడల లోపలే ఉంటాయి. మొదటి రోజు పక్కన చెయ్యి పెడితే వేడిగా తగిలి టెన్షన్ పడ్డాను. అది చెడిపోయినట్టు కాదు, పనిచేస్తున్నట్టు. పొయ్యికి దూరంగా, ఎండ పడని చోట పెట్టండి. ముందు కాళ్లు తిప్పి, ముందు భాగం రవ్వంత ఎత్తుగా ఉండేట్టు సరిచేస్తే తలుపు తనంతట తానే మూసుకుంటుంది. మా ఊరికి ఇంకొక్క మాట: సముద్రం గాలి నేరుగా తగిలే కిటికీ ఎదురుగా వద్దు. ఇల్లు తుడిచిన నీళ్లు ఫ్రిజ్ కాళ్ల దగ్గర నిలవనివ్వద్దు. మా పాతదానికి తుప్పు మొదలైంది అక్కడే.

కరెంటు విషయంలో పొదుపు పనికిరాదు. ఫ్రిజ్‌కి గోడలో సొంత ప్లగ్ పాయింట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో మిక్సీతో పాటు పెట్టకూడదు. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చేవాళ్లను చూశాను. ఆ మూడోదే ఎర్త్, లీకైన కరెంటుని మన ఒంట్లోకి రాకుండా భూమిలోకి పంపేది. మేం ముందున్న అద్దింట్లో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. చెప్పులేసుకుంటే అనదు కాబట్టి చెప్పులేసుకుని తెరిచేవాళ్లం! ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే ఎర్త్ వైరు తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఏడాదిపాటు మేం చెప్పుల మీద ఆధారపడి బతికామన్నమాట. కొత్త ఫ్రిజ్ ఇంటికి రాకముందే ఎర్తింగ్ చూపించుకోండి. స్టెబిలైజర్ కావాలా వద్దా అనేది షాపువాడిని కాదు, మాన్యువల్‌ని అడగండి. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో అందులో ఉంటుంది.

స్విచ్ వేశాక కొన్ని గంటలు ఖాళీగా తిరగనివ్వండి. తర్వాత కొద్దికొద్దిగా సర్దండి. లోపలి నాబ్ మీద అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగితే చలి పెరుగుతుంది. మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. ఫ్రీజర్ కింది భాగం 4 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. కింది భాగంలో గ్లాసు నీళ్లలో చిన్న థర్మామీటర్ వేసి ఒక రాత్రి ఉంచితే అక్కడి లెక్క తెలిసిపోతుంది.

అన్నం, సాంబారు పొగలు కక్కుతుండగా లోపల పెట్టద్దు. అలాగని రాత్రి వండినది పొద్దున్నదాకా గట్టు మీద వదిలెయ్యద్దు. వండిన రెండు గంటల్లో లోపలికి వెళ్లిపోవాలి. మా మే నెల ఉక్కపోతలో గంటే లెక్క. నేను వెడల్పాటి గిన్నెలోకి మార్చి, దాన్ని నీళ్ల పళ్లెంలో పెడతాను. త్వరగా చల్లారుతుంది.

ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం వస్తుంది. పచ్చి చేపలు, మాంసం మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లోగానీ, ఆ రోజే వండేదైతే అన్నిటికంటే కింది అరలోగానీ ఉంచాలి. పైన పెడితే కారిన నీళ్లు పెరుగు మీద పడతాయి. చలికి క్రిములు చావవు, నెమ్మదిస్తాయంతే. తలుపులోని అరలు అన్నిటికంటే వెచ్చన, పాలు అక్కడ పెట్టకండి. ఉల్లిపాయలకి, బంగాళాదుంపలకి ఫ్రిజ్ అక్కర్లేదు. కొత్తిమీర ఆరబెట్టి గుడ్డలో చుడితే వారం ఉంటుంది.

పాతకాలం సింగిల్ డోర్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. నా మొదటి ఫ్రిజ్‌ని చంపింది నేనే. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచుని అట్లకాడతో పొడిచాను. సుయ్యిమని చప్పుడు, అంతే. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ కుటుంబానికి చెందినదే. వెనక స్టిక్కర్ మీద ఆర్-600ఏ అని ఉంటుంది. పైపుకి చిల్లు పడితే పొయ్యి వెలిగించద్దు, దగ్గర్లో ఏ స్విచ్చూ తాకద్దు, కిటికీలు తెరిచి మెకానిక్‌ని పిలవండి. మంచు పేరుకుంటే స్విచ్ ఆపి, తలుపు తెరిచి కరగనివ్వాలి.

ఫ్రాస్ట్ ఫ్రీలో ఆ బాధ లేదు గానీ ఇంకోటుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ మన విశాఖ తేమ లోపలికి వెళ్తుంది, మంచై, కరిగి, వెనక కంప్రెసర్ మీద ఉన్న ట్రేలోకి చేరుతుంది. మామూలుగా ఆ వేడికి ఆవిరైపోవాలి. వానాకాలంలో గాలే తడిసి ముద్దయి ఉంటుంది, ఇక నీళ్లు ఎక్కడికి పోతాయి? డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచినీళ్లలోనే. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. అందుకే శుక్రవారం శుక్రవారం ప్లగ్ తీసి ట్రే ఒంపేస్తాను. ఊడిరాని ట్రే అయితే స్పాంజితో పిండెయ్యండి.

చివరిది తుపాను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి కరెంటు ఆరో రోజున వచ్చింది. కరెంటు పోయినా తలుపు తెరవకుండా ఉంచితే కింది భాగం నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు. ఊరెళ్లినప్పుడు మన వెనక కరెంటు ఎంతసేపు పోయిందో తెలియదు కదా, అందుకని ఫ్రీజర్‌లో ఒక గిన్నె నీళ్లు గడ్డకట్టించి దానిమీద రూపాయి బిళ్ల పెట్టి వెళ్తాను. తిరిగొచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే సరే. గడ్డ లోపల అడుక్కి దిగి కనిపిస్తే, అంతా కరిగి మళ్ళీ గట్టిపడిందని లెక్క, ఆ వంజరం ముక్కల మీద ఆశ వదులుకోవడమే.