గ్రెనేడాకు వస్తున్నారా? ఈ ద్వీపానికి ఎవరెవరు చుట్టాలో ముందు తెలుసుకోండి

కొత్త దేశానికి వెళ్తున్నామంటే మనవాళ్లు ముందు మూడు సంగతులు అడుగుతారు: కుక్కర్ తెచ్చుకోవాలా, పప్పూ ఉప్పూ దొరుకుతాయా, చలెంత ఉంటుంది? కరీబియన్ సముద్రంలోని ఈ గ్రెనేడా విషయంలో మూడింటికీ జవాబు ఇక్కడే చెప్పేస్తాను. కుక్కర్ తెచ్చుకోండి. 230 వోల్టుల కరెంటే కాబట్టి మన మిక్సీ కూడా పనిచేస్తుంది, మూడు చదరపు పిన్నుల ఇంగ్లీషు ప్లగ్గుకి అడాప్టర్ ఒక్కటి ఉంటే చాలు. కందిపప్పు కోసం వెతుక్కోకుండా పసుప్పచ్చటి బఠాణీ పప్పుతో సర్దుకోవడం నేర్చుకోండి, సాంబారు మరీ అన్యాయంగా ఏమీ ఉండదు. చలి అసలు లేదు.

నేను రాయాలనుకున్నది వేరే సంగతి. మా ఆయన ఇక్కడి మెడికల్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. ఏటా ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ కొత్త పిల్లలో, కొత్త కుటుంబాలో ఒకరిద్దరైనా మా ఇంటికొస్తారు. అందరూ ఒకే పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. ఇంత చిన్న దేశానికి విదేశాంగ విధానం ఏముంటుందిలే అనుకుంటారు. 344 చదరపు కిలోమీటర్లు, లక్షా పాతిక వేల లోపు జనం, అంటే మన లెక్కలో ఒకటి రెండు మండలాలు. కానీ ఇంత చిన్నది కాబట్టే విదేశీ వ్యవహారం ఇక్కడ పేపర్లో చదివే వార్తలా కాక చేతికి తగులుతూ ఉంటుంది. మీరు దిగే రన్‌వే, మీకు సూది వేసే నర్సు, జేబులో నోటు, పక్కింటాయన అక్టోబర్లో ఎగరేసే జెండా, అన్నింటి వెనకా ఏదో ఒక పరాయి దేశం ఉంటుంది.

ముందు దారి సంగతి. ఇండియన్ పాస్‌పోర్టు మీద గ్రెనేడాలో దిగడానికి ముందస్తు వీసా అక్కర్లేదు. చదువుకో ఉద్యోగానికో వచ్చినవాళ్లు దిగాక పర్మిట్ చేయించుకోవాలి. చిక్కంతా మధ్యదారిలోనే. అమెరికాలో విమానం మారాలన్నా మనకి వీసా కావాలి. లండన్ మీదుగా వచ్చినా ట్రాన్సిట్ వీసా అడుగుతారు. హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కే టికెట్టైతే ఊళ్లోకి రావాలి కాబట్టి దానికి వేరే రకం వీసా. చవగ్గా వచ్చిందని టికెట్ కొనేసి తర్వాత వీసా చూసుకుందామనుకోకండి. ఇంకోటి, స్పెయిన్‌లో గ్రనాడా అని ఓ ఊరుంది. మా ఆయనకి మొదటిసారి ఏజెంటు తీసిచ్చిన టికెట్ అక్కడికే! ఎయిర్‌పోర్టు కోడ్ జి.ఎన్.డి. అని ఉంటేనే డబ్బు కట్టండి. ఇక్కడివాళ్ల ముందు కూడా 'గ్రెనేడా' అని 'నే' సాగదీసే పలకండి.

మన హైకమిషన్ ఈ ద్వీపంలో లేదు. ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఉన్న భారత హైకమిషనే గ్రెనేడా వ్యవహారాలూ చూస్తుంది. పాస్‌పోర్టు రెన్యువల్ కాగితాలు సముద్రం దాటాలన్నమాట. కాబట్టి కనీసం ఏడాది గడువున్నప్పుడే మొదలుపెట్టండి. డిగ్రీ, బర్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్ మన దగ్గరే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) వేయించుకుని తెచ్చుకోండి. ఇక్కడ బిడ్డ పుడితే రాజ్యాంగం ప్రకారం గ్రెనేడా పౌరసత్వం దానంతటదే వస్తుంది. భారత పౌరసత్వం కావాలనుకుంటే మాత్రం ఏడాది లోపు మన హైకమిషన్‌లో నమోదు చేయించాలి. రెండూ ఉంచుకోవడం కుదరదు.

ఇక ఎయిర్‌పోర్టు. దిగగానే బయటికి పరిగెత్తకుండా ఒక్క నిమిషం నిలబడి చూడండి. నా దృష్టిలో ఈ దేశపు విదేశాంగ చరిత్రంతా ఆ తొమ్మిది వేల అడుగుల రన్‌వే మీదే ఉంది.

1974 ఫిబ్రవరి 7న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. 1979 మార్చి 13న మారిస్ బిషప్ నాయకత్వంలోని వామపక్ష పార్టీ న్యూ జ్యూయెల్ మూవ్‌మెంట్ ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ విప్లవాన్ని (రెవల్యూషన్) ఇక్కడివాళ్లు ఇప్పటికీ ముద్దుగా 'రెవో' అంటారు. పాత ఎయిర్‌స్ట్రిప్‌లో పెద్ద విమానాలు దిగలేకపోయేవి. పర్యాటకులు రావాలంటే కొత్తది కావాలని బిషప్ ప్రభుత్వం క్యూబా సాయంతో పాయింట్ సలీన్స్‌లో పని మొదలుపెట్టింది. ఇది సోవియట్ యుద్ధవిమానాల కోసమేనని అమెరికా అధ్యక్షుడు రీగన్ అనుమానం. 1983 అక్టోబర్ 19న సొంత పార్టీవాళ్లే బిషప్‌ని కోటలో నిలబెట్టి కాల్చి చంపారు. ఆరు రోజులకి అమెరికా సైన్యం దిగింది, సగం కట్టిన ఆ రన్‌వే మీదే పారాచూట్లతో. చెప్పిన కారణం మన యూనివర్సిటీయే: ఇక్కడ చదువుతున్న ఆరువందల మంది అమెరికన్ విద్యార్థుల భద్రత. ట్రూ బ్లూ క్యాంపస్ రన్‌వేకి ఆనుకునే ఉంటుంది. గ్రాండ్ ఆన్స్‌లో ఇంకో క్యాంపస్ కూడా ఉందని సైన్యానికి దిగాకగానీ తెలియలేదట!

ఆ తర్వాత అమెరికానే డబ్బిచ్చి ఎయిర్‌పోర్టు పూర్తి చేయించింది, 1984లో తెరిచారు. 2009లో దానికి బిషప్ పేరు పెట్టారు. ఈమధ్య చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో బాగుచేయించారు. 2025 అక్టోబర్లో, వెనెజులాతో అమెరికా గొడవ ముదిరిన సమయంలో, ఇదే ఎయిర్‌పోర్టులో రాడార్ పెట్టుకుంటామని అమెరికా అడిగింది. వెనెజులా తీరం ఇక్కడికి వంద మైళ్లే. పరిశీలిస్తున్నామని ప్రభుత్వం అంది. ఆ వారం చేపల మార్కెట్లో, బస్సులో, చర్చి మెట్ల మీద ఇదే మాట. మిలిటరీ ఎయిర్‌పోర్టని దాడి చేసినవాళ్లే ఇప్పుడు దాన్ని మిలిటరీకి అడుగుతున్నారని మా బస్సు డ్రైవరు పగలబడి నవ్వాడు. నవ్వాక మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడే కొత్తవాళ్లకి అసలు జాగ్రత్త చెప్పాలి. 1983 గురించి మాట్లాడటానికి ఈ ఊళ్లో మూడు మాటలున్నాయి. ఇన్వేజన్ (దండయాత్ర) అన్నవాళ్లు రెవో మనుషులు. రెస్క్యూ అన్నవాళ్లు అమెరికాకి రుణపడ్డామనుకునేవాళ్లు. ఎటూ తేల్చనివాళ్లు ఇంటర్వెన్షన్ (జోక్యం) అంటారు. మీరూ మూడో మాటతోనే మొదలుపెట్టండి. ఎదుటివాళ్లు ఏ మాట వాడారో విన్నాకే ముందుకెళ్లండి. అసలు మొదటి ఆర్నెల్లూ అడక్కపోవడమే మేలు.

నేనలా చేయలేదు. వచ్చిన ఏడాది అక్టోబర్ 25న సెలవన్నారు, పేరు థాంక్స్‌గివింగ్. అమెరికాలో మా అక్కావాళ్లు చేసుకునేదే కాబోలనుకుని పాయసం చేసి, మేం అద్దెకున్న ఇంటావిడకి గిన్నెతో తీసుకెళ్లి 'హ్యాపీ థాంక్స్‌గివింగ్ టాంటీ' అన్నాను (పెద్దావిడల్ని ఇక్కడ టాంటీ అంటారు). ఆవిడ గిన్నె అందుకుని తలుపు వేసుకుంది. మర్నాడు కడిగిన గిన్నె మా గుమ్మంలో ఉంది. చాలా నెలల తర్వాత తనే చెప్పింది: ఆవిడ తమ్ముడు రెవో మిలీషియాలో ఉండేవాడట, ఆ వారం పోయాడు. గోడకవతల పక్కింటాయన మాత్రం ఏటా ఆ రోజు అమెరికా జెండా కడతాడు. నలభై ఏళ్లుగా ఇద్దరూ ఒకే బావిగట్టు మీద మాట్లాడుకుంటున్నారు, ఆ ఒక్క సంగతి తప్ప. 2023 నుంచి అక్టోబర్ 19ని కూడా జాతీయ వీరుల దినంగా సెలవు చేశారు. అంటే ఒకే వారంలో బిషప్ కోసం ఒక సెలవు, బిషప్ ప్రభుత్వం పోయాక వచ్చిన సైన్యానికి కృతజ్ఞతగా ఒక సెలవు. బిషప్ శవం నేటికీ దొరకలేదు. ట్రూ బ్లూ క్యాంపస్‌లో చనిపోయిన అమెరికన్ సైనికులకి స్మారకం ఉంది. దాని ముందు సెల్ఫీలు దిగే మన పిల్లలకి ఇది తెలియాలి.

మనకీ ఇందులో చిన్న ముక్క ఉంది. గ్రెనేడాకి రాణి అప్పుడు ఎలిజబెత్, ఇప్పుడు రాజు చార్లెస్. కామన్వెల్త్ దేశం మీదికి బ్రిటన్ ప్రధాని థాచర్‌కి సరిగ్గా చెప్పకుండానే అమెరికా వెళ్లింది. జమైకా, బార్బడోస్ సైన్యాన్ని పంపాయి, ట్రినిడాడ్ తప్పన్నది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 108–9 ఓట్లతో ఖండించింది. నెల తిరక్కుండానే కామన్వెల్త్ సమావేశం ఢిల్లీలో, ఇందిరాగాంధీ అధ్యక్షతన. ఆ గదిలో పంపినవాళ్లూ తిట్టినవాళ్లూ పక్కపక్కన కూర్చున్నారు. ఇక్కడి పెద్దవాళ్లు 'ఇండియా' అనగానే కొందరు ఇందిరమ్మ పేరెత్తుతారు, అందుకు ఆశ్చర్యపోకండి.

క్రికెట్ స్టేడియానికి వెళ్తే చైనా కథ గుర్తుచేసుకోండి. చైనా, తైవాన్ రెండింటిలో ఒక్కదాన్నే గుర్తించడం కుదురుతుంది. గ్రెనేడా 1985లో బీజింగ్‌ని గుర్తించి, 1989లో తైవాన్ వైపు మారింది. 2004 సెప్టెంబర్లో ఐవాన్ తుపాను వచ్చి పదిళ్లలో తొమ్మిదింటిని దెబ్బతీసింది. 2007 ప్రపంచకప్‌కి స్టేడియం కావాలి, చేతిలో పైసా లేదు. 2005 జనవరిలో మళ్లీ బీజింగ్ వైపు వచ్చేశారు, చైనా స్టేడియం కట్టించింది. 2007 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం. చైనా రాయబారి ముందు వరసలో కూర్చున్నాడు, పోలీసు బ్యాండు లేచి తైవాన్ జాతీయగీతం వాయించింది! ఈ ముచ్చట టాక్సీవాళ్లు చెబుతుంటే వినాలి. పాత చుట్టం ఊరుకోలేదు: తైవాన్ బ్యాంకు తన బాకీ కోసం న్యూయార్క్ కోర్టుకెక్కింది. కొన్నేళ్లు పీకులాడి చివరికి సగం కోతతో రాజీపడ్డారు. పక్కనున్న సెయింట్ లూసియా, సెయింట్ కిట్స్ ఇంకా తైవాన్ పక్షమే. కాబట్టి ఒక ద్వీపంలో విన్నది ఇంకో ద్వీపంలో అనేయకండి.

జబ్బు చేసి జనరల్ హాస్పిటల్‌కి వెళ్తే క్యూబా డాక్టరో నర్సో కనిపించవచ్చు. స్పానిష్‌లో 'నొప్పి ఇక్కడ' అనడం నేర్చుకుంటే పోయేదేం లేదు. ఈ ఏర్పాటు మీద అమెరికాకి కోపం. క్యూబా వైద్య బృందాలతో సంబంధముందంటూ 2025 ఆగస్టులో కొందరు గ్రెనేడా అధికారుల మీద వీసా ఆంక్షలు పెట్టింది. ఒక పక్క క్యూబా నర్సు లేకపోతే వార్డు నడవదు, ఇంకో పక్క అమెరికా వీసా లేకపోతే బ్రూక్లిన్‌లో ఉన్న కూతుర్ని చూడలేరు. మన పిల్లలకీ ఆ వీసా ముఖ్యమే: రెండేళ్ల తర్వాత క్లినికల్ రొటేషన్లకి (ఆసుపత్రుల్లో శిక్షణకి) అమెరికా వెళ్లేవాళ్లు ఇంటర్వ్యూ కోసం బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్ వెళ్లాలి. విమానం ఖర్చు, ఒక రాత్రి బస ముందే లెక్కేసుకోండి. పెద్ద దేశాల గొడవల మీద సోషల్ మీడియాలో వీరావేశం వద్దు.

డబ్బు విషయంలో ఒక్క ప్రశ్న కంఠతా పెట్టండి: 'ఈసీయా, యూఎస్సా?' ఇక్కడి నోటు ఈస్టర్న్ కరీబియన్ డాలరు, ఎనిమిది ద్వీపాల ఉమ్మడి కరెన్సీ, కేంద్ర బ్యాంకు సెయింట్ కిట్స్‌లో. 1976 నుంచీ ఒక అమెరికా డాలరుకి 2.70 దగ్గరే కట్టేసి ఉంది. టాక్సీ ఎక్కేముందు ఈ ప్రశ్న అడక్కపోతే దాదాపు మూడింతలు కట్టి దిగుతారు. అమెరికా నోటిచ్చినా చిల్లర ఈసీలోనే వస్తుంది.

హైదరాబాద్‌లో 'గ్రెనేడా పాస్‌పోర్టు తీసుకోండి, అమెరికా వెళ్లండి' అనే ప్రకటనలు చూసి నాకు ఫోన్లు చేస్తుంటారు. పెట్టుబడి పెట్టి పౌరసత్వం కొనే పథకం ఉన్నమాట నిజమే. అమెరికాతో ఇన్వెస్టర్ ఒప్పందం ఉండటం వల్లే దీనికంత గిరాకీ. కానీ కొనుక్కున్న పౌరసత్వంతో ఆ ఒప్పందం కింద పెట్టుబడిదారులకిచ్చే ఇ-2 వీసా కావాలంటే ముందు మూడేళ్లు గ్రెనేడాలో నివాసముండాలని 2022 చివర్లో అమెరికా చట్టం చేసింది. ఈ ముక్క ప్రకటనలో కనపడదు. 2024లో ఇక్కడి ద్వీపాలు కలిసి కనీస ధరని 2 లక్షల అమెరికా డాలర్లకి పెంచాయి. ఆ పాస్‌పోర్టు తీసుకున్న రోజే మన పౌరసత్వం పోతుంది. చదువుకోవడానికో పని చేసుకోవడానికో వచ్చే మనలాంటివాళ్లకి ఈ గొడవ అనవసరం.

మిగతావి చిన్నవి. సైన్యం చుక్కల బట్టలు, అంటే కామొఫ్లాజ్, పిల్లల టోపీ అయినా సరే తేవద్దు, చట్టరీత్యా నేరం. బస్సెక్కినా దుకాణంలో అడుగుపెట్టినా ముందు గుడ్‌మార్నింగ్ చెప్పాలి, లేకపోతే మీరడిగింది ఉన్నా లేదంటారు. 1857లో మెయిడ్‌స్టోన్ అనే ఓడలో మొదటి భారతీయ కూలీలు వచ్చారు. వాళ్ల వారసులు మీ ముఖం చూసి 'ఏ ఊరు?' అంటే ఊరి పేరు చెప్పి వదిలేయక ఓ అయిదు నిమిషాలు కూర్చోండి.

సామాన్లలో గోంగూర పచ్చడి, కారం, ఇంగువ, చింతపండు పెట్టుకోండి. బిర్యానీ కోసమని జాజికాయ, జాపత్రి మాత్రం మోయకండి. ఈ దేశపు జెండా మీదే జాజికాయ ఉంది. ఐవాన్‌లో కూలిన చెట్టు స్థానంలో మా టాంటీ నాటిన మొక్క ఇప్పుడు విరగకాస్తోంది. మొన్న వరండాలో ఆరబోసిన ఎర్రటి జాపత్రిని ఆవిడా నేనూ కూర్చుని ఏరాం. వచ్చాక అడగండి, ఓ పొట్లం కట్టిస్తాను.