పంటి వేరు ఆపరేషన్ తర్వాత స్టెరాయిడ్ సూది: వాపు ఏ రోజుదో లెక్కపెట్టండి

రూట్ కెనాల్ చేయించిన పన్ను మళ్లీ తిరగబెడితే, కొందరికి చిగురు కోసి వేరు కొసను తీసేయాల్సి వస్తుంది. ఆ రోజే కొందరు వైద్యులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది వేస్తారు. మోతాదు చాలావరకు 4 లేదా 8 మిల్లీగ్రాములు. అది వాపును అణచే మందు, క్రిములను చంపేది కాదు. ఇంటికొచ్చాక పడే తికమకల్లో సగం ఈ తేడా తెలియకే.

సూది వేసినా రెండో రోజు బుగ్గ బూరెలా ఉబ్బింది

కోసిన చోట వాపు 48 నుంచి 72 గంటల మధ్య బాగా పెరుగుతుంది. సూది దాన్ని తగ్గిస్తుంది, రాకుండా చేయలేదు. మొదటి రోజు మంచుగడ్డను గుడ్డలో చుట్టి 20 నిమిషాలు పెట్టి, మరో 20 నిమిషాలు ఆపండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించండి. తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. తిండి విషయంలో చిత్తూరు వాళ్లం అదృష్టవంతులం: రాగి సంగటిని మజ్జిగలో జారుగా కలుపుకుంటే నమిలే పనే లేదు. ఊరిబిండి పచ్చడి మాత్రం కుట్లు విప్పేదాకా పక్కన పెట్టండి. నడక మొక్కు ఉన్నా అంతే, అలిపిరి మెట్లు 3,550, అవెక్కడికీ పోవు.

తగ్గిన వాపు నాలుగో రోజు మళ్లీ పెరిగింది

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జ్వరం, నోట్లో చెడు రుచి కూడా ఉంటే చీము పట్టిందనే అనుమానించాలి. స్టెరాయిడ్ మొదటి రెండు రోజులు ఆ లక్షణాలను కప్పిపెట్టి ఉండవచ్చు. ఇక్కడే చాలామంది చేసే తప్పు, వీధి చివర మందుల షాపుకు వెళ్లి "మొన్నటి సూదే ఇంకొకటి వేయండి" అనడం. ఒంటి నిరోధక శక్తిని తగ్గించే మందును చీము మీద వేయించుకోవడం నిప్పు మీద బుట్ట బోర్లించడమే. ఆపరేషన్ చేసిన వైద్యుడి దగ్గరకే వెళ్లండి, చీము తీయాలా, యాంటీబయాటిక్ కావాలా ఆయన చూస్తారు. దవడ కింద గట్టిపడినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా అర్ధరాత్రయినా ఆగకండి. తిరుపతిలో ఉంటే రుయా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

షుగరు ఒక్కసారిగా పెరిగింది

మా పెద్దమ్మకు షుగరు ఉందని వైద్యుడికి చెప్పడం మరిచిపోయాం. మర్నాడు మీటరు 310 చూపించింది. డెక్సామెథసోన్ ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది, కాలేయం నుంచి గ్లూకోజు ఎక్కువగా వచ్చేలా చేస్తుంది. ఆ ప్రభావం రెండు రోజుల దాకా ఉండవచ్చు. అన్ని రోజులూ మామూలు కంటే ఎక్కువసార్లు పరీక్షించుకోండి, మాత్రల మోతాదు సొంతంగా మార్చకండి. పరామర్శకు వచ్చినవాళ్లు తెచ్చిన తిరుమల లడ్డూను మా పెద్దమ్మ గోరంత తుంచి కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది, మిగతాది మాకిచ్చింది.

కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం

నిద్రలేమి, ముఖం ఎర్రబడటం ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. మంటకు తరచూ కారణం, స్టెరాయిడ్‌కు ఐబుప్రొఫెన్ తోడవడం. పారాసెటమాల్‌కు మారవచ్చేమో వైద్యుణ్ని అడగండి. మలం నల్లగా వస్తే అడుగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మర్నాటికీ కింది పెదవి మొద్దుబారే ఉంది

ఇది స్టెరాయిడ్ పని కాదు. మత్తు కొన్ని గంటల్లో దిగిపోవాలి. దిగకపోతే కింది దవడలోని నరం ఒత్తిడికి గురై ఉండవచ్చు. కుట్లు విప్పే రోజు వరకు ఆగకుండా ఆ రోజే వైద్యుడికి ఫోను చేయండి.