అరువు కొనుగోళ్ల ఖర్చును ఏ ఏడాదిలో చూపాలి?

మిర్యాలగూడలోని ఒక రైస్‌మిల్లు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న, మధ్యతరహా సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న తయారీ యూనిట్ నుంచి మార్చి 10న 2 లక్షల రూపాయల సంచులను అరువుపై తీసుకుందనుకుందాం. 2023-24 నుంచి అమలైన, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 43బి హెచ్ నిబంధన ప్రకారం, బిల్లు పుస్తకాల్లోకి ఎక్కినంత మాత్రాన ఆ ఖర్చుకు పన్ను లెక్కలో మినహాయింపు రాదు; గడువులోగా డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులు, అంటే మార్చి 25. ఒప్పందం ఉంటే అందులోని గడువు, అది కూడా 45 రోజులకు మించకుండా, అంటే ఏప్రిల్ 24 వరకే.

ఏప్రిల్ 5న చెల్లిస్తే, 45 రోజుల ఒప్పందం రాసుకున్న మిల్లుకు పాత ఏడాదిలోనే మినహాయింపు దక్కుతుంది, రాసుకోని మిల్లుకు అది కొత్త ఏడాదికి జరుగుతుంది. గడువు దాటినా మార్చి 31లోగా కట్టేస్తే ఇబ్బంది లేదు. రిటర్ను వేసేలోగా కడితే చాలని చాలామంది నమ్ముతున్నారు; ఈ బాకీలకు ఆ వెసులుబాటు లేదు. మధ్యతరహా సంస్థల బాకీలకు ఈ నిబంధన వర్తించదు కనుక, అమ్మే సంస్థ ఏ తరగతిదో తెలిపే ఉద్యమ్ సర్టిఫికెట్ నకలును ఆర్డరు ఇచ్చేటప్పుడే అడిగి తీసుకోండి.