బజర్‌బీటర్‌లో అన్నీ వచ్చిన స్మాల్ ఫార్వర్డ్‌ను తయారుచేయడం ఎలా?

బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలో స్మాల్ ఫార్వర్డ్‌ను (ఎస్‌ఎఫ్, అంటే గార్డ్‌లకూ పొడుగు ఆటగాళ్లకూ మధ్య ఆడేవాడిని) ఎస్‌ఎఫ్ స్థానంలోనే ఆడిస్తూ పోతే మంచి ఎస్‌ఎఫ్ తయారుకాడు. ఆటగాడు ఏ పొజిషన్‌లో నిమిషాలు ఆడాడో ఆ పొజిషన్‌కు పెట్టిన ట్రైనింగే అతనికి అందుతుంది. అవుట్‌సైడ్ డిఫెన్స్ (బయటి నుంచి వేసే షాట్లను అడ్డుకోవడం), పాసింగ్ వేగంగా పెరగాలంటే పాయింట్ గార్డ్‌గా (పీజీ, బంతిని నడిపించేవాడు) ఆడించాలి. ఇన్‌సైడ్ డిఫెన్స్, ఇన్‌సైడ్ షాట్ (బుట్ట దగ్గరి ఆట) వేగంగా పెరగాలంటే సెంటర్‌గా, అంటే బుట్ట దగ్గర ఆడే పెద్ద ఆటగాడిగా, నిలబెట్టాలి. అంటే చేతిలో ఉన్న కుర్రాడిని సీజన్ల తరబడి తనది కాని చోట ఆడించాలి. ఆ ఓపిక ఉన్న మేనేజర్‌కే అన్ని పనులూ చేసే ఎస్‌ఎఫ్ దొరుకుతాడు.

మొదటి అడుగు: సరైన కుర్రాడు

వయసు 18, మహా అయితే 19. వయసు పెరిగేకొద్దీ ట్రైనింగ్ నెమ్మదిస్తుంది కాబట్టి 22 ఏళ్లవాడిని తెచ్చి ఎనిమిది స్కిల్స్ నేర్పుదామంటే కాలం చాలదు. ఎత్తు 198 నుంచి 203 సెంటీమీటర్ల మధ్య చూడండి. పొట్టివాళ్లకు గార్డ్ స్కిల్స్ త్వరగా వస్తాయి, పొడుగువాళ్లకు లోపలి ఆట త్వరగా వస్తుంది. మనకు రెండూ కావాలి కనుక మధ్య ఎత్తే మేలు. 213 సెంటీమీటర్ల వాడికి అవుట్‌సైడ్ డిఫెన్స్ నేర్పడం మొదలుపెడితే సీజన్ గడిచాక గానీ ఎంత నష్టపోయామో తెలియదు.

పొటెన్షియల్ (ఆటగాడు ఎంతవరకు ఎదగగలడో చెప్పే స్థాయి) కనీసం ఆల్‌స్టార్ ఉండాలి. పెరెన్నియల్ ఆల్‌స్టార్ దొరికితే ఇంకా నయం. ఇంకా పై స్థాయిలైన ఎంవీపీ, హాల్ ఆఫ్ ఫేమర్ అని కనబడగానే బడ్జెట్ మొత్తం దానిమీదే పెట్టకండి. ఇక్కడ స్మాల్ ఫార్వర్డ్‌కు ఒక వెసులుబాటు ఉంది. పొటెన్షియల్ పరిమితి స్కిల్స్ మొత్తం కూడికను బట్టి కాకుండా ఆటగాడు ఏదో ఒక పొజిషన్‌కు ఎంత బలంగా తయారయ్యాడన్నదాన్ని బట్టి తగులుతుంది. స్కిల్స్ అన్నీ సమంగా పెరిగిన ఎస్‌ఎఫ్‌కు అది ఆలస్యంగా తగులుతుంది. జీతం విషయంలోనూ దాదాపు ఇదే లెక్క. అందుకే అదే స్థాయి సెంటర్ కంటే అన్నీ వచ్చిన ఎస్‌ఎఫ్ చవకగా పడతాడు.

మొదటి స్కిల్స్‌లో ఒక్కటి మాత్రం గట్టిగా చూడండి: మరీ అడుగున ఉన్నవి రెండు మూడుకు మించకూడదు. జంప్ షాట్ (ఎగిరి వేసే షాట్), హ్యాండ్లింగ్ (బంతిని అదుపులో ఉంచుకోవడం), ఇన్‌సైడ్ డిఫెన్స్ మూడూ సగటు దగ్గర ఉంటే, ఒక్క జంప్ షాట్ మాత్రమే మెరిసేవాడి కంటే వీడే మనకు పనికొస్తాడు. అమ్మకానికి పెట్టిన ఆటగాడి స్కిల్స్ పేజీలో కనిపిస్తాయి, బిడ్ వేసేముందు ఎత్తు కూడా విడిగా చూసుకోండి. డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను క్లబ్బులు ఎంచుకోవడం) అయిపోగానే 18 ఏళ్లవాళ్లు చాలామంది మార్కెట్‌కు వస్తారు, ఎంచుకునే వీలు అప్పుడే ఎక్కువ.

రెండో అడుగు: నిమిషాల లెక్క

ట్రైనింగ్ వారానికి ఒక్కసారి, శుక్రవారం అప్‌డేట్ అవుతుంది. ఆ వారంలో ట్రైనింగ్ పొజిషన్‌లో 48 నిమిషాలు ఆడినవాడికి పూర్తి ఫలితం దక్కుతుంది. 30 నిమిషాలే ఆడితే ఫలితం కోతపడుతుంది. 48 దాటాక ఆడే ప్రతి నిమిషం ట్రైనింగ్‌కు వృథా.

వారానికి రెండు లీగ్ మ్యాచ్‌లు, ఒక కప్ మ్యాచ్ లేదా స్క్రిమ్మేజ్ (స్నేహపూర్వక మ్యాచ్), మొత్తం మూడు. ఒక పొజిషన్‌లో వారానికి 144 నిమిషాలు, అంటే ఒకే పొజిషన్ ట్రైనింగ్‌లో ముగ్గురికి మాత్రమే చోటు. రెండు పొజిషన్ల ట్రైనింగ్ పెడితే 288 నిమిషాలు, ఆరుగురికి చోటు, కానీ ఒక్కొక్కరికీ వేగం తగ్గుతుంది. టీమ్ మొత్తానికి పెట్టే ట్రైనింగ్ ఇంకా నెమ్మది. కప్ నుంచి బయటపడ్డాక స్క్రిమ్మేజ్ కుదుర్చుకోవడం మరిచిపోతే ఒక కుర్రాడి వారం పూర్తిగా పోయినట్టే.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. లైనప్‌లో కుర్రాడిని స్టార్టర్‌గా పెట్టి, బ్యాకప్‌గా సీనియర్‌ను పెడతారు. సీనియర్ వచ్చి 14 నిమిషాలు తినేస్తాడు. 48 నిమిషాలు ఖాయంగా రావాలంటే ఆ పొజిషన్‌లో స్టార్టర్, బ్యాకప్, రిజర్వ్ మూడు చోట్లా అదే కుర్రాడి పేరు పెట్టండి. మార్పులను కోచ్ ఇష్టానికి వదలకండి. మ్యాచ్ ఏకపక్షమైతే కోచ్ మీ కుర్రాడిని కూర్చోబెట్టేయగలడు. ఇంత చేసినా ఆరు ఫౌల్స్‌తో బయటికి వెళ్లడం, గాయాలు మన చేతిలో లేవు. అందుకని కుర్రాడి నిమిషాలను వారంలో చివరి మ్యాచ్‌కు వదిలేయకండి. మొదటి మ్యాచ్‌లోనే ఆడిస్తే, తగ్గిన నిమిషాలను మిగతా రెండింటిలో పూడ్చుకోవచ్చు.

దీనికి ఇంకో చివర గేమ్ షేప్, అంటే ఆటగాడి ఫామ్, ఉంది. వారం మొత్తం మీద అన్ని పొజిషన్లలో కలిపి 60 నిమిషాలకు కాస్త అటూ ఇటూ ఉంటే ఫామ్ బాగుంటుంది. 75 దాటితే పడిపోతుంది. పీజీగా 48, తర్వాత మ్యాచ్‌లో తన అసలు స్థానంలో ఓ 12 నుంచి 20 దాకా సరిపోతుంది. మంచి ఆటగాడే కదా అని మూడు మ్యాచ్‌లూ పూర్తిగా ఆడిస్తే, రెండు వారాల తర్వాత అతని ఆట మీకే నచ్చదు.

మేడారం జాతరకో పండక్కి ఊరికో వెళ్తూ సిగ్నల్ దొరకదనుకుంటే, రాబోయే మ్యాచ్‌లకు లైనప్‌లు ముందే పెట్టి వెళ్లండి. పాత లైనప్ మిగిలిపోయి, పోయిన వారం సెంటర్‌గా ఆడినవాడు ఈ వారం కూడా సెంటర్‌గానే దిగితే, పీజీ ట్రైనింగ్ అతనికి అందదు. ట్రైనింగ్ మార్చిన ప్రతిసారీ లైనప్‌లు కూడా మార్చాలి, ఈ రెండూ ఒకేసారి కూర్చుని చేసేయండి.

మూడో అడుగు: ఏది ముందు, ఏది వెనుక

మొదట వన్ ఆన్ వన్ పెట్టండి, ఫార్వర్డ్స్‌కు. ఎస్‌ఎఫ్, పవర్ ఫార్వర్డ్ స్థానాల్లో ఆడినవాళ్లకు ఇది అందుతుంది, కనుక కుర్రాడు తన చోటే ఆడతాడు. డ్రైవింగ్ (బంతితో బుట్ట వైపు దూసుకెళ్లడం), హ్యాండ్లింగ్ రెండూ కలిసి పెరుగుతాయి. మిగతా గార్డ్ స్కిల్స్‌కు హ్యాండ్లింగే పునాది. ఒక స్కిల్ తన చుట్టూ ఉన్నవాటికంటే బాగా పైకి వెళ్లిపోతే నెమ్మదిస్తుంది, చుట్టుపక్కలవి కూడా ఉంటే తేలిగ్గా కదులుతుంది. పైగా చాలా ట్రైనింగ్‌లు ఒక ముఖ్య స్కిల్‌ను పెంచుతూనే పక్కవాటికి కొంచెం జారవిడుస్తాయి. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువులోకి నీళ్లు వచ్చినట్టన్నమాట. జారే నీళ్లు ఎటు పోతాయో చూసుకుని వరుస పెడితే వారాలు మిగులుతాయి.

హ్యాండ్లింగ్, డ్రైవింగ్ ఏడో స్థాయికి, అంటే రెస్పెక్టబుల్‌కు చేరాక కుర్రాడిని పీజీ స్థానానికి మార్చి అవుట్‌సైడ్ డిఫెన్స్ కోసం ప్రెషర్ ట్రైనింగ్ పెట్టండి. ఈ ఆటలో నిజంగా గెలిపించేది ఇదే. ఎదుటి వింగ్ ఆటగాడి (షూటింగ్ గార్డ్ లేదా ఎస్‌ఎఫ్) షాట్లను చెడగొట్టలేని ఎస్‌ఎఫ్ ఎన్ని పాయింట్లు వేసినా అన్నీ తిరిగి ఇచ్చేస్తాడు. కాబట్టి ఒక సీజన్ అంతా, అంటే 14 వారాలూ, దీని మీదే గడిచినా బాధపడకండి. తర్వాత అదే స్థానంలో పాసింగ్, కాస్త తక్కువ వారాలు.

ఈ కాలంలో టీమ్ ఓడుతుంది. చేతిలో బంతి నిలవని పీజీతో ఆడుతున్నాం కదా. అందుకే ఇంకో ఇద్దరు గట్టి ఆటగాళ్లను షూటింగ్ గార్డ్, సెంటర్ స్థానాల్లో ఉంచుకోండి, తేలికైన ప్రత్యర్థి వచ్చిన రోజున కుర్రాడికి 48 నిమిషాలు ఇవ్వండి. బలమైన ప్రత్యర్థి ఉన్న మ్యాచ్‌కు వీలైతే సీనియర్లతో వెళ్లండి.

లోపలి ఆట ఆ తర్వాత. సెంటర్‌గా నిలబెట్టి ఇన్‌సైడ్ డిఫెన్స్, తర్వాత ఇన్‌సైడ్ షాట్, ఆపై రీబౌండింగ్ (తప్పిన షాట్ బంతిని అందుకోవడం). వీటిలో ఇన్‌సైడ్ డిఫెన్స్‌నే ఎక్కువ పెంచాలి. ఇన్‌సైడ్ షాట్, రీబౌండింగ్ కలిసి బాగా ఎక్కితే ఆట అతన్ని పెద్ద ఆటగాడిగా లెక్కేసి జీతం పెంచుతుంది. జీతాలు సీజన్‌కు ఒక్కసారి, సీజన్ మొదట్లో మారతాయి, కాబట్టి ఆ దెబ్బ ముందు కనబడదు. సీజన్ చివరి వారాల్లో లోపలి స్కిల్స్‌ను మరీ తోసుకుంటూ పోకుండా, వచ్చే సీజన్ ఖర్చు చూసుకుని ఆగండి.

జంప్ షాట్‌ను చివర పెట్టుకోవడమే మా మాట. దీన్ని వింగ్స్‌కు, అంటే షూటింగ్ గార్డ్, ఎస్‌ఎఫ్ స్థానాల్లో ఇచ్చుకోవచ్చు. అప్పటికి కుర్రాడికి 22, 23 ఏళ్లు ఉంటాయి, తన చోట ఆడి మ్యాచ్ గెలిపించగలడు, ట్రైనింగ్ కూడా అక్కడే అందుతుంది. ముందే పెట్టేస్తే, ఒకే స్థానం ట్రైనింగ్‌లో వేగంగా నేర్చుకునే లేత వయసంతా రెండు పొజిషన్ల నెమ్మదిలో కరిగిపోతుంది.

షాట్ బ్లాకింగ్‌ను పట్టించుకోకండి. స్టామినా, ఫ్రీ త్రోలు టీమ్ మొత్తానికి పెట్టే ట్రైనింగ్‌లు, ఆటగాళ్లెవరికీ నిమిషాలు కుదరని వారం వస్తే వాటికి వాడండి.

నాలుగో అడుగు: వారం వారం చూసుకోవడం

స్కిల్ పెరుగుదల భిన్నాల్లో లోపల దాగి ఉంటుంది, స్థాయి పూర్తయినప్పుడే పేజీలో కనబడుతుంది. ఒక వారం ఏదీ పెరగలేదని ట్రైనింగ్ మార్చేస్తే, వచ్చే వారం పెరగాల్సినదాన్ని మధ్యలో వదిలేసినట్టు. మూడు నాలుగు వారాలు కదలకపోతేనే కారణం వెతకండి. ముందు నిమిషాల పట్టిక, తర్వాత పొజిషన్, ఆ తర్వాత ట్రైనర్ స్థాయి. 4 లేదా 5 స్థాయి ట్రైనర్ చాలామందికి సరిపోతాడు, మరీ పై స్థాయి వారి జీతం చిన్న క్లబ్బులను తినేస్తుంది. ఇవన్నీ సరిగ్గా ఉండీ పెరుగుదల ఒక్కసారిగా నీరసపడితే పొటెన్షియల్ పరిమితి తగిలినట్టు లెక్క. అప్పుడిక కుర్రాడిని ఎస్‌ఎఫ్‌లో స్థిరపరిచి, ట్రైనింగ్ స్థానాన్ని తర్వాతి 18 ఏళ్లవాడికి ఇచ్చేయండి.