కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే

మే నెల సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే హైదరాబాద్‌లో ఏ చెట్టుకొమ్మో తీగల మీద పడటం, కరెంటు పోవడం మామూలే. తిరిగి వచ్చాక కంప్యూటర్ ఆన్ అవుతుంది గానీ, ఫోల్డర్ తెరవడానికే నిమిషం పడుతుంది. రిపేరు దుకాణంలో అడిగితే తరచుగా వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’, అంటే డిస్క్ మొత్తం చెరిపి విండోస్ మళ్లీ ఎక్కిద్దామని. ఆ పని అన్నీ చూశాక చేయవలసినది.

కరెంటు రాగానే స్విచ్ వేయకండి. గాలివాన రోజుల్లో అది వచ్చి మళ్లీ పోతుంటుంది. నిలకడగా ఉందనిపించాకే ఆన్ చేసి, కాసేపు దాని మానాన వదిలేయండి. సగంలో ఆగిన అప్‌డేట్ పూర్తవుతూ ఉండవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరవండి. ఏ పనీ చేయకపోయినా డిస్క్ గంటల తరబడి 100 శాతం చూపిస్తుంటే అనుమానం డిస్క్ మీదే.

అప్పుడు ముందుగా ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో ఎక్కించండి. ఇక చేయబోయే తనిఖీ కూడా డిస్క్‌కు శ్రమే, కొన ఊపిరితో ఉన్నది మధ్యలోనే ఆగిపోవచ్చు.

విండోస్ రాయవలసిన సమాచారాన్ని కొంత మెమరీలో ఉంచుకుని తరవాత డిస్క్‌కు ఎక్కిస్తుంది. ఈలోగా కరెంటు పోతే ఆ కాస్తా గల్లంతే. విండోస్ డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో మార్పుల చిట్టా ఉంటుంది కాబట్టి ఫోల్డర్ల అమరిక చాలావరకు నిలుస్తుంది, మీరు అప్పుడు టైపు చేస్తున్న ఫైలుకు మాత్రం ఆ భరోసా లేదు. సి డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్, చెక్ వరకు వెళ్లండి. తప్పులుంటే రీస్టార్ట్ అడిగి సరిచేస్తుంది. మధ్యలో కరెంటు పోకూడదు కనుక మబ్బు పట్టిన వేళ ఈ పని మొదలుపెట్టకండి.

తరవాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో ‘కాషన్’ అని కనిపించినా, హార్డ్‌డిస్క్ టిక్కుటిక్కుమంటున్నా మరమ్మతుల మీద ఆశ పెట్టుకోవద్దు, హార్డ్‌డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాలు లేని కొత్త ఎస్‌ఎస్‌డీ కొనండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి ధర అడగవచ్చు.

డిస్క్ బాగానే ఉందా? గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయిందంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు చెరిగిపోయాయన్నమాట. దాంతో 3200 వేగంతో నడవాల్సిన మెమరీ 2133కో 2400కో దిగుతుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ‘స్పీడ్’ ఎదురుగా ఆ అంకె ఉంటుంది. సెల్ మార్చి, బయోస్‌లో మెమరీని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చేస్తే సరి. లాప్‌టాప్ అయితే అదే రకం మరో చార్జర్‌తో చూడండి, అడాప్టర్ దెబ్బతింటే కొన్ని మోడళ్లు ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి.

మళ్లీ ఇలా జరగకూడదంటే డెస్క్‌టాప్‌కు, కరెంటు పోయినా కాసేపు బ్యాటరీతో నడిపే యూపీఎస్ తప్పదు, స్టెబిలైజర్‌తో ఆ పని జరగదు. ఇంట్లో ఇన్వర్టర్ మాత్రమే ఉంటే దాని మీద, బ్యాటరీకి త్వరగా మారేలా చేసే యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో వెతకండి. ఉంటే ఆ వైపు నొక్కి ఉంచండి.