విపత్తు నిర్వహణలో ఉద్యోగం కోసం పై చదువు ఎలా ఎంచుకోవాలి?

వరదలో ఇళ్లు మునిగి 5,000 మంది ఒక శిబిరానికి చేరారనుకోండి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని స్ఫియర్ ప్రమాణాలు (విపత్తు బాధితులకు కనీసం ఏమేం అందాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలు) చెబుతాయి. అంటే రోజూ 75,000 లీటర్ల నీళ్లు, 250 మరుగుదొడ్లు. అన్ని ట్యాంకర్లు ఎక్కడినుంచి వస్తాయి? రోడ్డు తెగిపోతే ఏ దారిన వస్తాయి? రాత్రిపూట ఆడవాళ్లు భయం లేకుండా మరుగుదొడ్డికి వెళ్లగలరా? ఇలాంటి ప్రశ్నలు మిమ్మల్ని పట్టి కూర్చోబెడితే ఈ చదువు మీకు నప్పుతుంది.

మొదటి అడుగు: మీ చోటు తేల్చుకోండి

ఈ రంగంలో పనిని నాలుగు దశలుగా చూస్తారు: ముప్పు తగ్గించడం, ముందస్తు సన్నద్ధత, సహాయక చర్యలు, పునరుద్ధరణ. టీవీలో మనకు కనిపించేది మూడోది మాత్రమే. వరద మ్యాపులు తయారుచేయడం, మాక్ డ్రిల్స్ జరిపించడం, కంట్రోల్ రూమ్ నడపడం, కూలిన ఇళ్లు మళ్లీ కట్టించడం... వీటిలో దేనికి మనసు లాగుతుందో చూసుకోండి. కోర్సు ఎంపిక దాన్నిబట్టే ఉండాలి.

రెండో అడుగు: డిగ్రీ

డిగ్రీ పేరులోనే విపత్తు నిర్వహణ ఉండాలన్న టెన్షన్ వద్దు. అమెరికాలో ఈ సబ్జెక్టులో మొదటి బ్యాచిలర్స్ డిగ్రీని నార్త్ టెక్సస్ యూనివర్సిటీ 1983లో గానీ ప్రారంభించలేదు. అందుకే ఈ రంగంలోకి వేర్వేరు చదువుల వాళ్లు వస్తుంటారు. సివిల్ ఇంజనీరింగ్, జాగ్రఫీ, నర్సింగ్, సోషల్ వర్క్, ఏది చదివినా ఇక్కడ పనికొస్తుంది. నా మాట అడిగితే డిగ్రీలో ఒక విద్య గట్టిగా నేర్చుకుని, మాస్టర్స్‌లో విపత్తు నిర్వహణ తీసుకోవడం మేలు. భూకంపం వచ్చినప్పుడు ఏ భవనం నిలుస్తుందో చెప్పగలిగే మనిషి విలువ వేరు.

మూడో అడుగు: సిలబస్ తెరిచి చదవండి

బ్రోషర్‌లో ఫొటోలు చూసి ఫీజు కట్టకండి. ముప్పు అంచనా, జీఐఎస్ మ్యాపింగ్ (కంప్యూటర్‌లో ప్రాంతాల సమాచారంతో మ్యాపులు తయారుచేయడం), ప్రజలకు హెచ్చరికలు చేరవేయడం, విపత్తుల ముప్పు తగ్గించడానికి దేశాలు కుదుర్చుకున్న, 2015 నుంచి 2030 వరకు అమల్లో ఉండే సెండాయ్ ఒప్పందం సిలబస్‌లో ఉన్నాయో లేదో చూడండి.

ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్, అంటే విపత్తులో వేర్వేరు శాఖలు ఒకే కమాండ్ కింద కలిసి పనిచేసే పద్ధతి, మాత్రం తప్పక ఉండాలి. 1970లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగినప్పుడు అనేక శాఖలు ఒకేసారి రంగంలోకి దిగాయి. ఎవరి పదాలు వాళ్లవి, ఎవరి రేడియోలు వాళ్లవి. ఎవరు ఎవరి మాట వినాలో కూడా స్పష్టత లేదు. ఆ చేదు అనుభవంలోంచే ఈ పద్ధతి పుట్టింది. దీన్ని పాఠంగా చెప్పి వదిలేస్తారా, విద్యార్థులకు పాత్రలిచ్చి డ్రిల్ చేయిస్తారా అని కాలేజీని అడగండి. పాఠాలు చెప్పేవాళ్లలో విపత్తుల్లో పనిచేసినవాళ్లు ఎందరో కనుక్కోండి. ఇంటర్న్‌షిప్ ఎక్కడ ఇప్పిస్తారో కూడా అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.

నాలుగో అడుగు: చదువుతూనే పనిలోకి దిగండి

రెడ్‌క్రాస్ లేదా అగ్నిమాపక, ప్రథమ చికిత్స బృందాల్లో వాలంటీర్‌గా చేరండి. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి వెళ్లగలరా, ఏడుస్తున్నవాళ్ల పక్కన ఓపిగ్గా కూర్చోగలరా అనేది అక్కడే తెలుస్తుంది. క్లాసులో ఎవరూ తేల్చి చెప్పలేరు. చేతిలో డబ్బు లేకపోతే రెడ్‌క్రాస్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు అందిస్తోంది, వాటితో మొదలుపెట్టొచ్చు.

శిక్షణకు వెళ్లిన ప్రతిసారీ తేదీ, గంటలు ఒక పుస్తకంలో రాసుకోండి, సర్టిఫికెట్లు దాచుకోండి. విపత్తు నిర్వాహకులకు ఇచ్చే, అంతర్జాతీయ గుర్తింపున్న సీఈఎమ్ (సర్టిఫైడ్ ఎమర్జెన్సీ మేనేజర్) సర్టిఫికేషన్‌కు దరఖాస్తు చేసేటప్పుడు అనుభవంతోపాటు విపత్తు నిర్వహణలో 100 గంటలు, సాధారణ మేనేజ్‌మెంట్‌లో 100 గంటల శిక్షణకు రుజువులు అడుగుతారు.